సేవ్ చేయని సెట్టింగు

"ఏం మేడం, మళ్ల పండుకున్నదా మీ బోర్డు?" అని ఎప్పుడూ నవ్వుతూ ఎదురొచ్చే శ్రవణ్, ఆ సాయంత్రం తలుపు తీసి పక్కకు జరిగాడు.

చేవెళ్ల రోడ్డు పక్కన అతని ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్‌లో జర్బెరా పూలన్నీ తలలు వాల్చేశాయి. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఫ్యాన్లు నడిపించే బోర్డు మాత్రం లేవలేదు. శ్రవణ్ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఉన్నాడు, ఇక్కడ చూసే దిక్కు లేదు. ఎండకు పంటంతా ఉడికిపోయింది. పాపం, ఆ పూల మీదే కదా వాళ్ల ఇల్లు నడిచేది!

ఆ బోర్డు తయారుచేసిన మాదాపూర్ కంపెనీలో ఇంజనీరు అరుణశ్రీ. దానికి లాప్‌టాప్ తగిలించింది. బోర్డు ఎప్పటిలాగే అక్కడ లేని నెట్‌వర్క్ కోసం వెతుకుతూ ఆగిపోయింది. బోర్డును లేపే బూట్‌లోడర్‌ ప్రోగ్రాంలో ఒక్క సెట్టింగు మారిస్తే లేస్తుంది. ఆ మార్పును సేవ్ చేయకపోతే, కరెంటు పోగానే మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నాళ్లూ పిలిచినప్పుడల్లా వచ్చి ఆమె మార్చింది. సేవ్ మాత్రం చేయలేదు. ఎంత పిచ్చి పిల్లో చూడండి!

"ఈసారన్న ఖాయంగ బాగైతదా?" అడిగాడు శ్రవణ్.

"ఎప్పుడో బాగయ్యేది. నేనే కానియ్యలే." ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "సేవ్ జేస్తే మీరు మళ్ల పిలువరని, ఆ కమాండ్ కొట్టకుండనే పోయిన. నాకు మీరంటే ఇష్టం."

బయట వాన మొదలైంది.

"ఇష్టమా? మా అవ్వ తెల్లారకముందే లేచి వీటి ఎంబడి తిరిగేది. ఆమెకేం చెప్పాలె?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ ఒక్క మాట నోటితోని చెప్తే ఏం పోయేది మేడం?"

అతను లాప్‌టాప్ ఆమె వైపు తోశాడు.

"సేవ్ కొట్టుండ్రి."

కొట్టింది. అతను మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వేశాడు. బోర్డు తనంతట తానే లేచింది. వాడిపోయిన పూల మీద ఫ్యాన్లు గిర్రున తిరిగాయి.

"అయిపోయింది గద. పోండ్రి."

తడుస్తూనే రోడ్డెక్కింది. చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొయినాబాద్ పోయే షేర్ ఆటో ఆగింది. ఎక్కబోతుంటే ఒక చెయ్యి అడ్డం పడింది. శ్రవణ్, తడిసి ముద్దై ఉన్నాడు.

"నా కోపం పోలే," అన్నాడు.

"తెలుసు."

"జల్ది పోయేటట్టు గూడ లేదు. పోయేదాంక రోజు వచ్చి తిట్లు తిను." అతను ముఖం మీది వాన తుడుచుకున్నాడు. "పని పెట్టుకోని కాదు. ఊకెనే రా."

ఆటోవాడు విసుగ్గా హారన్ కొట్టాడు.

"నువ్వు పో అన్నా," అంది అరుణశ్రీ ఏడుస్తూనే. "నేనింక శాన తిట్లు తినేది ఉన్నది."