షెడ్డులో ఆగిపోయిన చప్పుడు

దసరా రోజు పొద్దున్నే అనురాధ పులిహోరకి చింతపండు పిసుకుతూ మొగుడితో పేచీ పెట్టుకుంది. పండగపూట పేచీ ఏమిటమ్మా అని అడక్కండి. ఐదు నెలలుగా రోజూ జరుగుతున్న పేచీ అది, పండగ వచ్చిందని దానికి సెలవిస్తే ఎలా?

"ఏవండీ, పక్కింటి షెడ్డు తాళం ఎక్కడుందో అయినా గుర్తుందా మీకు?"

గిరీష్ టోస్టుకి వెన్న రాసుకుంటూ తలెత్తలేదు. "మేకుకే ఉంది."

"మేకుకే ఉండిపోతుంది కూడా! ఆవిడ మోకాళ్ళు చూశారా? మొన్న చెత్త బిన్ను బయట పెట్టడానికి గేటు దాకా వచ్చేసరికి మూడుసార్లు ఆగింది. స్లైగోలో తన ఇంటికి వచ్చెయ్యమని కూతురు పోరుతోంది. ఆవిడ వెళ్ళిపోయేలోగా ఆ కారులో కూర్చోబెట్టి తిప్పుతానని మాటిచ్చింది మీరా, నేనా?"

"చూద్దాంలే అనూ."

గిరీష్ 'చూద్దాం' అన్నాడంటే ఆ పని కానట్టే. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అనురాధకి ఆ మాత్రం తెలియకపోలేదు. అతను లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని షానన్‌లో ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

పక్కింటి నోరీన్ గారికి ఎనభై మూడేళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట వీళ్ళు ఏలూరు నుంచి దేశం దాటి ఈ ఎన్నిస్ ఊరికి వచ్చినప్పుడు అద్దెకి ఇల్లు దొరకలేదు. ముప్ఫై నాలుగు ఇళ్ళు చూశారు. ఈ వీధిలోనూ ఒకటి చూసి, కాదనిపించుకుని, ఆరేళ్ళ వర్షిణిని పట్టుకుని వానలో నిలబడ్డారు. అప్పుడు ఈవిడ ఇంటి తలుపు తెరుచుకుంది. "పిల్ల తడిసిపోతోంది, లోపలికి రండి" అంది ఆవిడ. టీ ఇచ్చింది, ఆ తర్వాత మేడ మీద రెండు గదులిచ్చింది. ఏడాది తిరిగాక పక్కిల్లు ఖాళీ అయితే తనే వెళ్ళి యజమానితో మాట్లాడి వీళ్ళకి ఇప్పించింది. అనురాధకి ఆపరేషనై మంచం మీదున్న పదిహేను రోజులూ పప్పు వండి తెచ్చింది. ఉప్పులేని పప్పు, పైన ఇంత వెన్న! అయినా అంత రుచైన పప్పు తన జన్మలో తినలేదని అనురాధ ఇప్పటికీ అంటుంది.

ఆవిడ భర్త టామ్ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఊడదీసి వదిలేసిన అరవైల నాటి మోరిస్ మైనర్ కారు పెరటి షెడ్డులో ముక్కలుగా పడుంది. రెండేళ్ళ కిందట నోరీన్ గారు ఆ షెడ్డు తాళం గిరీష్ చేతిలో పెట్టింది. కంప్యూటరు తప్ప మరొకటి ముట్టుకోని మనిషి, వీడియోలు చూసి స్పానర్లు పట్టాడు. ఏడాదిన్నర పాటు సాయంత్రమైతే షెడ్డులో ఒకటే ఠంగుఠంగు. ఇంజిను విప్పి బాగుచేశాడు, పాత రంగంతా గీకేసి కారు ఒంటిని తళతళలాడే రేకుగా చేశాడు. ఇక రంగు వేసి బిగించుకోవడమే అనుకునే వేళకి, మే నెలలో, ఉన్నట్టుండి స్పానర్లు కింద పెట్టేశాడు. ఎందుకో చెప్పడు. అడిగితే "మనసు పోవట్లేదు" అంటాడు.

మనసు పోకపోతే అమ్మవారే పోనిస్తుందిలే అనుకుంది అనురాధ. దసరాకి బండ్లకి పూజ చేసుకోవడం మనకేమైనా కొత్తా? సాయంత్రం నాలుగింటికి బడి నుంచి వచ్చిన కూతుర్ని వెంటబెట్టుకుని బకెట్టు, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బంతిపూలకి బదులు దొరికిన చామంతులు పట్టుకుని షెడ్డులో దిగింది. నోరీన్ గారు కర్ర ఊతంగా వచ్చి, కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది.

కారు మీద చెయ్యి వేస్తే జిడ్డు తగిలింది. "ఛీ ఛీ, ఎంత జిడ్డు పట్టించారే మీ నాన్న!" అంటూ గిన్నెలు తోమే సబ్బు వేడినీళ్ళలో కలిపి, చీర కొంగు బిగించి, పైనుంచి కింద దాకా రుద్ది రుద్ది కడిగింది. దాని మీద పసుపునీళ్ళు చల్లింది. ముందు భాగానికి నిండుగా పసుపు పూసి బొట్లు పెట్టింది. నిమ్మకాయలు కోసి కుంకుమ అద్దింది.

"మమ్మీ, దేర్ ఆర్ నో వీల్స్. వేర్ డు ది లెమన్స్ గో?" అంది వర్షిణి. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి క్లేర్ జిల్లా యాసలో ఇంగ్లీషే.

"కారు నిలబెట్టిన చెక్కదిమ్మల కింద పెట్టవే. అమ్మవారికి చక్రాల లెక్కేమిటి?"

నోరీన్ గారు ప్రసాదం నోట్లో వేసుకుని, "గ్రాండ్! టామ్ గానీ చూస్తే మీ మతంలో కలిసిపోయేవాడు" అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే లెండి, మనం తెలుగులో చెప్పుకుందాం.

మర్నాడు శనివారం. అనురాధ కాఫీ ఇచ్చి, "ఒక్కసారి నాతో రండి, అమ్మవారి ముందు మళ్ళీ మొదలుపెడుదురుగాని" అని మొగుణ్ణి చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళింది. తలుపు తీసింది. నిన్న వెండిలా మెరిసిన కారు ఇవాళ ఎర్రమట్టి రంగులో ఉంది. పసుపునీళ్ళు కారిన చోటల్లా గోధుమ చారలు, బొట్ల చుట్టూ తుప్పు.

"ఏం చేశావు?" అన్నాడు గిరీష్.

"పూజ... కడిగి పూజ చేశాను. జిడ్డుగా ఉంటేనూ..."

"జిడ్డు కాదే తల్లీ! తుప్పు పట్టకుండా నేనే రాసిన నూనె అది! ఈ ఊరి చెమ్మకి పచ్చిరేకు ఒక్క రాత్రి ఆగుతుందా? ఎండాకాలం రాకముందే మూడు నెలలు నా చేతులు బొబ్బలెక్కేలా గీకాను! అడగాలి కదా ఒక్క మాట!"

"అడిగితే పలుకుతారా మీరు? ఐదు నెలలుగా ఇటు తొంగి చూశారా? మీరు ఆపేశారు కాబట్టే నేను దేవుడి మీద భారం వేశాను!"

ఇద్దరి గొంతులూ లేచాయి. వర్షిణి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అనురాధ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చేసిందే తప్పు, ఆ పైన నోరు. అయితే అంత అరిచిన మనిషి ఇట్టే చల్లబడిపోయాడు. కారు మీద చెయ్యి వేసి, "సరేలే. అయిందేదో అయింది. ఇక మానేద్దాం. ఎవరైనా పట్టుకుపోతారేమో చూద్దాం" అన్నాడు.

అనురాధ కళ్ళు తుడుచుకుని అతని మొహంలోకి చూసింది. "మీ మొహంలో బాధ లేదేమిటండీ? బరువు దిగిపోయినట్టుంది! నాకు నిజం చెప్పండి. ఎందుకు ఆపేశారు?"

గిరీష్ ఓ మూలనున్న ఖాళీ చెక్కదిమ్మ మీద కూలబడ్డాడు.

"ఏప్రిల్‌లో ఒకరోజు ఆవిడ వంటింటి కిటికీ తెరిచి ఉంది. కూతురితో ఫోనులో అంటోంది, 'టామ్ కారు రోడ్డెక్కేదాకా నేను కదలను, అయ్యాకే స్లైగో వస్తాను' అని. విన్నాను. కారు అయిపోయిన మర్నాడు ఆవిడ ఉండదు అనూ. ఈ దేశంలో మనకున్న పెద్దదిక్కు ఆవిడొక్కతే. ఎంత పని చేస్తే అంత తొందరగా ఆవిణ్ణి పంపించేసినట్టు... నా చేతులు ఆడలేదు."

ఆవిడ లేని ఆ ఇంటిని అనురాధ ఒక్కసారి ఊహించుకుంది. కారు పూర్తయితేనే ఆవిడ వెళ్తుందని తెలిస్తే తను మాత్రం పూజ చేసేదా?

వెనకనుంచి కర్ర చప్పుడైంది. ఈ అరుపులకి నోరీన్ గారు ఎప్పుడొచ్చిందో, వర్షిణి భుజం పట్టుకుని నిలబడి ఉంది. "స్లైగో అన్న మాట వినబడింది. నా గురించేగా? ఏమంటున్నాడు మీ నాన్న?"

వర్షిణి అమ్మ వంక, నాన్న వంక చూసింది. తర్వాత చెప్పేసింది. "డాడ్ హర్డ్ యూ ఆన్ ది ఫోన్, దట్ యూ విల్ గో వన్స్ ది కార్ ఈజ్ డన్. హీ స్టాప్డ్ బికాజ్ హీ డజంట్ వాంట్ యూ టు గో."

నోరీన్ గారు ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. నెమ్మదిగా వచ్చి గిరీష్ పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఆ మాట మా అమ్మాయి షివోన్ నోరు మూయించడానికి అన్నాను నాయనా. నాకు అప్పుడు వెళ్ళాలని లేదు. ఇప్పుడుంది. నోటితో చెప్పడానికి మొహం చెల్లక, నీ పని ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను." కర్ర ఒళ్ళో పెట్టుకుంది. "జులైలో ఒక శనివారం మధ్యాహ్నం రెండింటికి వంటింట్లో పడిపోయాను. ఆరింటిదాకా లేవలేకపోయాను."

"నాలుగు గంటలా!" అంది అనురాధ. "మేం ఇంట్లోనే ఉన్నాం కదండీ! ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

"వేశాను తల్లీ. మీ టీవీ నాకు వినబడుతూనే ఉంది. నా గొంతు మీ దాకా రాలేదు. షెడ్డు నా కిటికీ పక్కనేగా, శనివారం కదా, ఇవాళైనా గిరీష్ వస్తాడు, చప్పుడు వినబడగానే పిలుద్దాం అని నేల మీద పడుకుని వింటూ ఉన్నాను. ఆ రోజు రాలేదు."

ఆవిడ నింద వెయ్యలేదు. జరిగింది చెప్పింది, అంతే. కానీ గిరీష్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆవిడ దగ్గరే ఉండాలని తను పని ఆపాడు. ఆపినందుకే ఆవిడ అవసరంలో పక్కన లేకుండా పోయాడు. రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న ఏడవడం వర్షిణి చూడటం అదే మొదటిసారి.

నోరీన్ గారు అతని వీపు మీద చెయ్యి వేసింది. "చూడు. నేను వెళ్ళడం ఖాయం. ఎలా వెళ్తాననేదే నీ చేతిలో ఉంది. నన్ను టామ్ కారులో తీసుకెళ్ళు. అంబులెన్సులో పంపించకు."

ఆ సాయంత్రమే ఆవిడ మంచం వీళ్ళ ముందుగదిలోకి వచ్చింది. "ఒకప్పుడు మీరు మాకు గదులిచ్చారు, ఇప్పుడు కాదంటే ఊరుకోను" అని అనురాధ పట్టుబట్టింది. షివోన్ ఫోనులో ఏడ్చి, సరేనంది.

తుప్పు వదిలించడానికి పదకొండు రోజులు పట్టింది. నలుగురూ గరుకు కాగితాలు పట్టుకున్నారు, పూజ చేసిన పాపానికి అనురాధ అందరికంటే ఎక్కువ రుద్దింది. ఆ తర్వాత నోరీన్ గారు ఒక నియమం పెట్టింది. రోజుకి ఒక్క పని. ఒక్క బోల్టు బిగించినా చాలు, కానీ బిగించాలి. మొత్తం కారు తలుచుకుంటే గుండె జారిపోతుంది, ఒక్క బోల్టుకి ఎవరికైనా ఓపికుంటుంది కదా? గిరీష్‌కి విసుగొచ్చి సోఫాలో చేరబడిన రోజుల్లో ఆవిడ మాట్లాడకుండా కోటు వేసుకుని, వేడినీళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళి షెడ్డులో కూర్చునేది. ఎనభై మూడేళ్ళ మనిషి చలిలో కూర్చుంటే ఇంకెవరికి సోఫాలో నిద్రపడుతుంది చెప్పండి? ఐదు నిమిషాల్లో లేచి వెళ్ళేవాడు. ఫిబ్రవరిలో లేతాకుపచ్చ రంగు పడింది. ఏప్రిల్‌లో ఇంజిను దగ్గి, తుమ్మి, చివరికి పలికింది. ఆ రోజు నోరీన్ గారు అనురాధ బుగ్గ మీద ముద్దుపెట్టి, "మీ అమ్మవారికి చెప్పు, కాస్త ఆలస్యమైనా విందని" అంది.

మే నెలలో ఒక ఆదివారం స్లైగో బయల్దేరారు. ముందు సీట్లో నోరీన్ గారు, వెనక తల్లీకూతుళ్ళు, పులిహోర డబ్బా. గంటకి డెబ్భై కిలోమీటర్లు దాటనివ్వలేదు గిరీష్. వెనక కార్లవాళ్ళు హారను కొట్టకపోగా చేతులూపుతూ దాటుకుపోయారు. ట్యూమ్ దగ్గర టీ తాగారు, క్లేర్‌మోరిస్ దాటాక రోడ్డు పక్కన ఆగి పులిహోర తిన్నారు. ఐదు గంటల దారంతా ఆవిడ కిటికీ అద్దం దించుకునే కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "టామ్ ఇంత నిదానంగా నడిపేవాడు కాదు" అంది.

కూతురింటి ముందు కారు ఆగింది. షివోన్ బయటికి పరుగెత్తుకొచ్చి, కారుని చూసి గుమ్మంలోనే ఏడ్చేసింది. గిరీష్ తలుపు తీసి నోరీన్ గారికి చెయ్యి అందించాడు. ఆవిడ దిగి నిలదొక్కుకున్నాక కూడా అతను ఆ చెయ్యి వదల్లేదు. ఇంగ్లీషులో ఏదో అనబోయాడు, రాలేదు. తెలుగులోనే అనేశాడు.

"అమ్మా, ఆ రోజు నేను షెడ్డులో ఉండాల్సింది."

ఇంగ్లీషులో చెప్పడానికి వర్షిణి నోరు తెరిచింది. నోరీన్ గారు చెయ్యెత్తి ఆపింది. "చెప్పక్కర్లేదు బంగారం. నాకు తెలిసింది."

గిరీష్ మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"ఆ రోజు లేవు. ఆ తర్వాత ఒక్కరోజైనా మానావా?"

అనురాధ వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. లేచేసరికి ఆవిడ చెయ్యి తన తల మీదే ఉంది.