నల్లగోడ వెనుక నీళ్లు

మంజునాథ్‌ను చంపిన టిప్పర్ లారీకి నంబర్ ప్లేటు లేదు. గోరంట్ల బస్టాండు ఎదుట, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నలభై మంది చూస్తుండగా అది రోడ్డు దిగి, టీ బంకు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్న ఆ ముప్పై ఏళ్ల భూగర్భజల శాస్త్రవేత్తను తొక్కి, మళ్లీ రోడ్డెక్కి వెళ్లిపోయింది. చనిపోవడానికి నాలుగు నిమిషాల ముందు అతను, తను రహస్యంగా పనిచేసే విభాగానికి ఒక కోడ్ మెసేజ్ పంపాడు. అందులో నాలుగే మాటలు.

"ఏడో బావి అబద్ధం చెబుతోంది."

పదహారు రోజుల తరువాత, ఒక బుధవారం మధ్యాహ్నం, హిందూపురం మార్కెట్ యార్డు వెనుక చింతపండు గోడౌన్ మీది గదిలో ఏజెంట్ ఈశ్వరి ఆ నాలుగు మాటలను మూడోసారి చదివింది. ఆమె వయసు యాభై నాలుగు. ఆమె పనిచేసే విభాగానికి బోర్డు లేదు, టెలిఫోన్ డైరెక్టరీలో పేరు లేదు. అంతకు ముందు రోజు వరకూ ఆమె మరో దేశంలో, మరో పేరుతో ఉంది.

"కూర్చో," అన్నాడు చీఫ్ చంద్రమోహన్.

ధర్మవరంలో పుట్టి, పద్దెనిమిదేళ్లు నీటి శాస్త్రవేత్తగా పనిచేసి, ఆ తరువాత ఈ విభాగానికి వచ్చినవాడాయన. భూమి లోపలి నీటిని ఎలా చదవాలో ఈశ్వరికి నేర్పింది ఆయనే. ఆమె సర్వీసు మొత్తంలో వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచింది ఒక్క ఆయన మాట మీదనే.

ఆయన టేబుల్ మీద పెనుకొండ మ్యాప్ పరిచాడు. మ్యాప్ మధ్యగా ఒక నల్లని గీత.

"డైక్. రెండు వందల కోట్ల ఏళ్లకు పూర్వం భూమి నెర్రెలోకి ఎగదన్నిన మాగ్మా, బయటికి రాకుండానే గడ్డకట్టింది. అగ్నిపర్వతం కాలేకపోయిన అగ్నిపర్వతం. భూమి లోపల నిలువుగా నిలబడిన నల్లరాతి గోడ. దీనికి పడమట పన్నెండు ఊళ్లు, తూర్పున మూడు వేల ఎకరాల బీడు. నీళ్లు ఎటున్నాయి?"

"పడమట. గోడ ఆపుతోంది కనుక."

"గోడ పగిలితే?"

"పన్నెండు ఊళ్ల నీళ్లు తూర్పుకు దిగిపోతాయి."

"ఆ తూర్పు బీడును మెరిడియన్ అనే విదేశీ ముఠా బినామీల పేర్ల మీద లీజుకు తీసుకుంది. గ్రానైట్ క్వారీ ముసుగులో ఈ నెల ఇరవై ఎనిమిదిన గోడను పేల్చబోతోంది." ఆయన ఒక గ్రాఫ్ ముందుకు తోశాడు. "ఇది ఏడో నంబరు పరిశీలక బావి. లోపల దింపిన డేటా లాగర్ గంట గంటకూ నీటిమట్టం కొలిచి శాటిలైట్ ద్వారా పంపుతుంది. ఆ డేటా నా కంప్యూటర్‌కు తప్ప ఎక్కడికీ పోదు."

గ్రాఫ్‌లో గీత రంపపు పళ్లలా ఉంది. చేలకు త్రీ ఫేజ్ కరెంటు వచ్చి మోటర్లు ఆడినప్పుడల్లా మట్టం దిగుతోంది, కరెంటు పోగానే కొంత తేరుకుంటోంది. మొత్తం మీద రోజుకింత చొప్పున కిందికి జారుతోంది.

"నీళ్లు ఇప్పటికే తగ్గుతున్నాయి," అంది ఈశ్వరి. "పేల్చిన తరువాత బావులెండితే నేరం కరువు మీదికీ రైతుల మోటర్ల మీదికీ పోతుంది."

"అదే వాళ్ల లెక్క. మన మనిషి ఒకరు వాళ్లకు అమ్ముడుపోయారు. పద్మావతి."

డాక్టర్ పద్మావతి డబుల్ ఏజెంట్. మెరిడియన్‌కు జియాలజిస్టుగా నటిస్తూ ఈ విభాగానికి కబురు చేరవేసే మనిషి. మంజునాథ్ జాడ వాళ్లకు చెప్పింది ఆమేనని చంద్రమోహన్ చెప్పాడు.

"శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ధర్మవరం చీరల కొట్లో ఉంటుంది. పట్టుకో. ఎదిరిస్తే కాల్చు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మంజునాథ్‌ను పూడ్చిన రోజు మట్టికి వెళ్లలేకపోయాను. ఢిల్లీలో మీటింగ్. ఆ తల్లికి నా సానుభూతి చెప్పు."

ఆ గొంతులో వణుకు ఉంది. అది నటన అని కనిపెట్టడానికి తగిన శిక్షణ ఈశ్వరికి ఆయన ఇవ్వలేదు.

*

ఎవరినైనా అరెస్టు చేయడానికి ముందు ఒకసారి ఎదురుగా కూర్చుని చూడడం ఈశ్వరికి అలవాటు. అందుచేత ఆమె ఒక రోజు ముందే, గురువారం నాడే, ధర్మవరం వెళ్లింది. అటవీశాఖ వేషం: ఖాకీ టోపీ, మెడలో బైనాక్యులర్స్, గుర్తింపు కార్డు మీద "ఎలుగుబంట్ల గణన".

"ఏమక్కా, ఎలుగుబంట్లు చీరలు కొంటాండాయా?" అన్నాడు కొట్టు యజమాని వెంకటస్వామి.

"రేటు విని పారిపోయినాయంటప్పా," అంది ఈశ్వరి, హిందూపురం యాసలో.

రోజూ ఆ వేళకు కొట్టుకు వచ్చే పద్మావతి లోపలి గదిలో పరుపు మీద కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు పట్టు, నల్ల కళ్లద్దాలు, గుమ్మం దాటేసరికే ముక్కుకు తగిలే సెంటు. ఇంత అందంగా ఉన్న మనిషిని అనుమానించడం సులభం. అందుకే ఆ పని అందరూ చేస్తారు.

"ఈ అంచుకు బోరు నీళ్లు తగిలితే రంగు దిగుతుందా?" అంది ఈశ్వరి. అది కోడ్.

"బోర్లో నీళ్లుంటే కదా దిగడానికి," అంది పద్మావతి. సరైన జవాబు. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "మీరు నన్ను కాల్చడానికి వచ్చారా, మాట్లాడడానికి వచ్చారా?"

"అది రేపు. ఈ రోజు మాటలే."

పద్మావతి ఒడిలోని చీర మడత విప్పింది. అంచు పొడవునా జరీ బుటాలు, వాటి మధ్య దూరాలు సమంగా లేవు.

"ఇరవై నాలుగు బుటాలు, ఇరవై నాలుగు డ్రిల్ హోల్స్. క్వారీలో మామూలుగా ఆరు మీటర్లు తవ్వుతారు. ఇవి అరవై మీటర్లు. ముహూర్తం రేపు సాయంత్రం నాలుగు."

"ఇరవై ఎనిమిది అని విన్నాను."

"ఎవరు చెప్పారు?"

ఈశ్వరి చీర మీది బుటాలు లెక్కపెట్టసాగింది.

"మీ లోపల వాళ్ల మనిషి ఉన్నాడు," అంది పద్మావతి. "పేరు తెలియదు. వాళ్లు 'మేష్టారు' అంటారు. ఏడో బావి గ్రాఫ్ ఆయన చేతి తయారీ. ఒక్కటి చెబుతాను వినండి. ఆ గ్రాఫ్‌లో త్రీ ఫేజ్ పళ్లున్నాయి, వారానికొకసారి షిఫ్టు మారడం కూడా ఉంది. నేను విశాఖపట్నంలో పుట్టాను. చేలకు కరెంటు వంతుల మీద వస్తుందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. దాన్ని గీసినవాడు ఇక్కడ పుట్టినవాడు."

"ఆ గ్రాఫ్ దొంగదని రుజువేమిటి?"

"నా దగ్గర లేదు. మంజునాథ్ దగ్గర ఉండేది."

ఈశ్వరి లేచింది. రెండు కథల్లో ఒకటి అబద్ధం. ఒక కథ చెప్పింది పాతికేళ్ల నమ్మకం, రెండోది చెప్పింది ఒక నెమలికంఠం చీర. ఆ సాయంత్రమే ఆమె పెనుకొండ వెళ్లి, క్వారీ అంచున ఒక వేపచెట్టుకు అడవి జంతువులను చిత్రించి, బొమ్మనూ శబ్దాన్నీ దూరానికి పంపే కెమెరా పెట్టె కట్టింది. కాపలావాడు అడిగితే ఎలుగుబంట్ల కోసమని చెప్పింది.

*

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులను దాటుకుని జీపు మట్టిరోడ్డు పట్టింది. ఏడో బావి ఉన్న నల్లగుట్లపల్లి మంజునాథ్ సొంత ఊరు. ఆ బావికి గజం దూరంలో అతని తల్లి అంజినమ్మ వేరుశనగ కాయలు వొలుస్తూ కూర్చుని ఉంది.

"ఎలుగుబంట్ల మేడమా? ఈడ యాడుండాయి? గుట్ట మీదికి పో," అంది తలెత్తకుండా.

"నేను మంజునాథ్‌తో పనిచేసినదాన్నమ్మా."

అంజినమ్మ చేతులు ఆగాయి. తలెత్తి చూసింది. "మట్టికి రాకపోతివే?"

"దేశంలో లేను. తెలియలేదు."

"సరే. కూచో."

ఈశ్వరి బావి సంగతి అడిగింది. లాగర్ కాక, ఈ బావిని చేత్తో ఎవరైనా కొలుస్తున్నారా?

"నేనే. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. ఆ పెట్టెను నమ్మొద్దుమా, దానికి నోరుండాదే గాని కండ్లు లేవు అని నా కొడుకే నేర్పిచ్చినాడు."

ఆమె ఇంట్లోంచి ఉక్కు టేపు, సుద్దముక్క తెచ్చింది. టేపు చివరి అడుగులకు సుద్ద పూసి, బోరు గొట్టంలోకి దింపి, పైకి లాగింది. నీటిలో మునిగినంత మేర సుద్ద నల్లబడింది. తడి అంచు దగ్గర బొటనవేలు పెట్టి అంకె చదివింది. అగ్నిపర్వతాల కొలిమి నుంచి మంచుగడ్డల దాకా భూమిని కొలిచే శాస్త్రమంతా చివరికి ఈ పనే: ఒక మనిషి, ప్రతిరోజూ, అదే చోట, అబద్ధం చెప్పకుండా కొలవడం.

"బుక్కు ఉందా?"

అరవై పేజీల స్కూలు నోటుబుక్కు. పెద్ద పెద్ద వంకర అంకెలు. ఈశ్వరి చంద్రమోహన్ గ్రాఫ్ పక్కన పరిచి తేదీ తేదీకీ సరిచూసింది. నోటుబుక్కు ప్రకారం పగలు దిగిన మట్టం రాత్రికి తేరుకుంటోంది, మొత్తం మీద తగ్గడమే లేదు. గ్రాఫ్ ప్రకారం తగ్గుతోంది. ఒక ముసలమ్మ టేపు, ఒక శాటిలైట్. కోర్టు దేన్ని నమ్ముతుందో ఆమెకు తెలుసు.

అంతలో ఆమె వేలు పోయిన నెల పదిహేడో తేదీ మీద ఆగింది. ప్రతిరోజూ సాయంత్రానికి ఏడెనిమిది అడుగులు దిగే నీరు, ఆ ఒక్క రోజు మూడడుగులు పైకి వచ్చింది.

"ఇదేమమ్మా? పదిహేడున నీళ్లు దిగకపోగా పెరిగినాయే?"

అంజినమ్మ సుద్దముక్కను కొంగుకు ముడివేసుకుంది. "ఆ పొద్దు నా కొడుకు మట్టి. మా ఊర్లో ఎవరన్నా పోతే, గుంత పూడ్చి అందరూ స్నానాలు చేసేదాకా ఒక్క మోటరు ఆడదు. గుంత తవ్వుతాంటే భూమిలో నీళ్లు లాగకూడదు. మాపు దాకా ఊరంతా ఆన్నే, గుంత కాడే ఉండె. మాపున వచ్చి టేపు దించితే నీళ్లు పైకొచ్చిండాయి." ఆమె గొంతు మారలేదు. "ఒక్క పొద్దు తప్పొద్దుమా అన్నాడు కదా. తప్పలేదు."

ఈశ్వరి గ్రాఫ్ చూసింది. పదిహేడో తేదీన త్రీ ఫేజ్ పళ్లు మామూలుగానే ఉన్నాయి. చక్కగా, ఒద్దికగా, షిఫ్టు ప్రకారం. గీసినవాడికి కరెంటు వేళలు తెలుసు. ఆ రోజు ఊరు తన మోటర్లన్నీ ఆపి ఒక కుర్రవాణ్ణి మట్టిచేసిందని తెలియదు. ఎందుకంటే అతను మట్టికి రాలేదు. బుధవారం చంద్రమోహన్ అన్న మాట ఆమెకు మళ్లీ వినిపించింది.

ఆ డేటా నా కంప్యూటర్‌కు తప్ప ఎక్కడికీ పోదు.

ద్రోహం చేసేవాడు పరాయి భాష మాట్లాడతాడని నమ్మడంలో ఒక సుఖం ఉంది. పాతికేళ్లు ఆమె ఆ సుఖంలోనే ఉంది. నీటిమట్టం చదవడం నేర్పిన చేయి, తన శిష్యుణ్ణి చంపించిన తరువాత కూడా తడబడకుండా గీతలు గీసింది. ఆ గ్రాఫ్‌లో వణుకు లేదు. వణుకంతా గొంతు కోసం దాచుకున్నాడు.

టైము మూడు ఇరవై. ఈశ్వరి రెండు ఫోన్లు చేసింది. ఒకటి ధర్మవరం పోలీసులకు: నాలుగింటికి చీరల కొట్టు దగ్గర మాటు వేసినవాళ్లు ఉంటారు, పట్టుకోండి అని. రెండోది పద్మావతికి: "అంచు రంగు దిగింది. వెనుక గుమ్మం నుంచి వెళ్లు."

"బుక్కు తీసుకుపోనా అమ్మా?"

"తీసుకుపో. మాపుటికి తెచ్చియ్యి. రాసుకోవల్ల."

*

జీపు క్వారీ చేరేసరికి రెండో సైరన్ మోగింది. మూడో సైరన్ తరువాత పేలుడు. గోతికి ఎగువన, ఇనుప రేకుల షెల్టర్ ముందు ఇద్దరున్నారు. పేలుడు బటన్ ఉన్న ఫైరింగ్ బాక్సు దగ్గర లైసెన్సు బ్లాస్టర్ ధనుంజయ, తమ ఊరి మనిషేనని అంజినమ్మ చెప్పినవాడు. పక్కన హెల్మెట్ పెట్టుకున్న చంద్రమోహన్.

"నీకు ధర్మవరంలో పని చెప్పాను," అన్నాడాయన. చేతిలో పిస్టల్ ఉంది.

"అక్కడ మీరు పంపిన ఇద్దరికి పోలీసులు చీరలు చూపిస్తున్నారు, మేష్టారూ."

ఆ పిలుపుకు ఆయన కనురెప్ప కూడా కదలలేదు. "ఈ నీళ్లు పదేళ్లలో ఎలాగూ అయిపోతాయి ఈశ్వరీ. లెక్క నీకూ తెలుసు. తెలివైనవాడు ముందే తీసుకుంటాడు."

"మంజునాథ్?"

"తెలివైనవాడే. కొంచెం ఎక్కువ."

మూడో సైరన్ మోగింది. ఈశ్వరి ఆయన వైపు చూడడం మానేసింది.

"ధనుంజయా, పదిహేడో తేదీ మీ ఊర్లో మోటర్లు ఆడినాయా?"

బ్లాస్టర్ ముఖం చిట్లించాడు. "యాడ ఆడినాయక్కా? మంజునాథ్ గుంత తవ్వింది నేనే కదా."

"ఈయన ఆడినాయని గీసినాడు. చూడు." ఆమె గ్రాఫ్, నోటుబుక్కు పక్కపక్కన పట్టుకుంది. "ఇది అంజినమ్మ రాసింది. నువ్వు అరవై మీటర్లు తవ్వించింది వీళ్లు నీకు చెప్పినట్లు టెస్టింగ్‌కు కాదు. మీ పన్నెండు ఊళ్ల నీళ్లు ఆవలికి పంపడానికి. దాన్ని కనిపెట్టినందుకే మంజును చంపించినాడు."

ధనుంజయ ఆ వంకర అంకెలను చూశాడు. అంజినమ్మ చేతిరాత ఆ ఊళ్లో అందరికీ తెలుసు. బటన్ మీది వేలు తీశాడు.

చంద్రమోహన్ బాక్సు లాక్కుని బటన్ నొక్కాడు. తెర మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పది. తొమ్మిది.

"కాల్చండి," అంది ఈశ్వరి. "ఆ వేపచెట్టుకున్న పెట్టె ఎలుగుబంట్ల కోసం కట్టింది కాదు. మీ మాటలన్నీ ఇప్పటికే ఢిల్లీ చేరాయి."

ఆరు. ఐదు. ఆయన చెట్టు వైపు చూశాడు. ఆ ఒక్క చూపు చాలింది; ఈశ్వరి ఆయన చేతిలోని పిస్టల్ లాక్కుంది. ధనుంజయ షెల్టర్ వెనక్కి దూకి, లైను కలిపిన చోట రెండు చేతులా పట్టి లాగాడు.

మూడు. రెండు.

"బాక్సు నీ తావుండాది సార్," అన్నాడు తెగిన వైరు పైకెత్తి. "వైరు నా తావుండాది."

సున్నా. క్వారీలో ఏమీ జరగలేదు. గుట్ట మీద కౌజుపిట్ట ఒకటి కూసింది. నల్లగోడ, రెండు వందల కోట్ల ఏళ్లుగా నిలబడినట్లే, నిలబడి ఉంది.

"యాభై మందికి నేర్పాను," అన్నాడు చంద్రమోహన్, ఈశ్వరి సంకెళ్లు వేస్తుండగా. "ఒక్క రోజు. ఒక్క రోజు దగ్గర ఎలా తప్పాను?"

ఈశ్వరి ఆయనకు చెప్పలేదు. గుంత మాట విన్నాడే కాని, దానికీ మోటర్లకూ ఉన్న సంబంధం ఆయనకు తెలియదు; అలా తెలియకుండా ఉండడమే ఆ శిక్షలో ముఖ్యభాగమని ఆమె నిర్ణయించింది.

సూర్యుడు గుట్ట వెనక్కి దిగే వేళకు నోటుబుక్కు అంజినమ్మకు చేరింది. ఆమె బోరు గొట్టం దగ్గరికి నడిచింది. సుద్ద పూసి, టేపు దింపి, పైకి లాగి, తడి అంచు మీద వేలు పెట్టింది. అంకె రాసింది. నిన్నటిదే.

వారం తరువాత ఢిల్లీ నుంచి ఒక కాన్ఫిడెన్షియల్ ఫారం వచ్చింది. విభాగానికి కొత్త చీఫ్‌ను ఎంపిక చేస్తున్నారు. అభ్యర్థికి ఉండవలసిన అర్హతలపై సీనియర్ ఏజెంట్ల అభిప్రాయం కోరారు. దానికి రెండు పేజీలు కేటాయించారు.

ఈశ్వరి ఒక్క వాక్యం రాసి సంతకం చేసింది.

"మట్టికి వచ్చే అలవాటు ఉండాలి."