కింద మనిషి

1987 అక్టోబరు 17, శనివారం. పొద్దున ఆరింటికి ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. తొమ్మిదింటికి కొండ భుజం మీద ఒక తెల్ల మబ్బు తునక, ఎవరో ఆరేసి మరిచిపోయిన తువ్వాలులా వేలాడింది. పదకొండుకి గాలి ఆగిపోయింది. కొండల్లో బతికేవాళ్ళకి గాలి వీస్తే భయం లేదు. ఆగితేనే భయం.

ఇంత వివరంగా ఎలా తెలుసంటే, ఆ లాడ్జిలో రోజూ వాతావరణం రాసిపెట్టే పుస్తకం ఒకటుండేది. ముసలి యజమాని పెట్టిన అలవాటు. ఆ రోజు పేజీ చిన్నోడి చేతిరాత. అదే అతని ఆఖరి రాత.

చిన్నోడంటే పిల్లాడు కాదు, ముప్ఫై నాలుగేళ్ళవాడు. ముసలాయనకి ఇద్దరు కొడుకులు. ఒకణ్ణి పెద్దోడన్నారు, ఒకణ్ణి చిన్నోడన్నారు. అసలు పేర్లు బడి రిజిస్టర్లోనే ఉండిపోయాయి. లాడ్జి పెద్దదేమీ కాదు. ఎనిమిది గదులు, రేకుల కప్పు, ఎప్పుడూ తడి మేజోళ్ళ వాసన వేసే వరండా. సెలవులకి వచ్చినవాళ్ళని మొదటి రోజు అడవి బాట నడిపిస్తారు, రెండో రోజు వాగు దాటిస్తారు, మూడో రోజు బండ దింపుతారు. డబ్బిచ్చి మరీ కాళ్ళు వణికించుకోవడం మనిషికొక్కడికే తెలిసిన సరదా. కోతులు కూడా బండలు దిగుతాయి, కానీ టికెట్టు కొనుక్కుని దిగవు.

బండ డెబ్భై అడుగులు. వెనకవైపు నుంచి బాట పట్టుకుని పైకెక్కాలి, ముందువైపు నుంచి తాడు మీద దిగాలి. పైన రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడియం ఉంది. టూరిస్టులని పైనున్న మనిషి ఒక్కొక్కరినే దించుతాడు. మరి ఆఖర్న అతన్ని ఎవరు దించాలి? అందుకే కింద ఒక మనిషి. తాడు ఒక కొస పైవాడి నడుం పట్టీకి కట్టి ఉంటుంది. అక్కణ్ణుంచి తాడు కడియంలోంచి దూరి, బండ మీదుగా కిందికి పోతుంది. కింద మనిషి ఆ రెండో కొసని ఇనుప గుంజకి రెండు చుట్లు వేసి, పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతాడు. అంటే పైవాడి ప్రాణం కిందివాడి పిడికిట్లో ఉంటుంది. బండ పొట్ట ముందుకి పొడుచుకొచ్చి ఉండటంతో ఒకరికొకరు కనపడరు. అందుకే ముసలాయన ఒక పద్ధతి పెట్టాడు. పైవాడు "ఉన్నావా?" అని కేకెయ్యాలి. కిందివాడు "ఉన్నా" అని, తాడుని రెండుసార్లు లాగాలి. మాటా రావాలి, లాగుడూ రావాలి. రెండూ వచ్చాకే కాలు కదపాలి.

ఆ పద్ధతితో నలభై ఏళ్ళలో ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. తర్వాత ఒక్కడు పోయాడు. పెద్దోడు. సరిగ్గా ఏడాది క్రితం, అదే తారీఖున, పొగమంచులో. ముడి జారిందన్నారు. ముడి జారడమేంటి, పెద్దోడు వేసిన ముడిని పళ్ళతో విప్పినా రాదు అని కొందరు గొణిగారు. గొణుగుళ్ళకి సాక్ష్యం ఎక్కడిది?

ఆ శనివారం పొద్దున చిన్నోడు వంటగదిలోకి వచ్చేసరికి వదిన పొయ్యి పక్కన కూర్చుని, ఒక జత తోలు చేతి తొడుగులకి తేనెమైనం రాస్తోంది. పెద్దోడివి. పడిన రోజు అతని చేతులకున్నవి. ప్రతి శనివారం రాస్తుంది, మేకుకి తగిలిస్తుంది.

"వేసుకునే చేతులు లేకపోయాక ఎందుకు వదినా ఆ మైనం?" అన్నాడు.

"తోలు ఎండిపోతే పగులుతుంది, చిన్నబ్బాయ్."

"పగలనివ్వండి." అతను గ్లాసులో టీ పోసుకున్నాడు. "రేపు పదింటికి బండి వస్తుంది. మీ పెట్టె సర్దుకోండి. ఏడాది ఉండనిమ్మన్నారు, ఉండనిచ్చాను. ఇంక మీ అక్కగారింటికి వెళ్తే మీకూ నలుగురు మనుషులుంటారు."

వదిన తల ఎత్తలేదు. "ఇవాళ్టికి కింద నేనే ఉంటానుగా?"

"ఇంకెవరున్నారు? పనివాడికి కాలు బెణికింది."

"అయితే సరే" అంది. అంతే.

వేసవి నుంచీ కింద మనిషి ఆవిడే. మొగుడి దగ్గర నేర్చుకున్న చెయ్యి, ఎలాంటి మగాడిదైనా దాని ముందు దిగదుడుపే. నలభైసార్లకి పైగా చిన్నోణ్ణి దించింది. మొదట్లో రెండు మూడుసార్లు అతనికి అరికాళ్ళు చెమర్చాయి. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. తెలిసుంటే మొదటిసారే వదిలేసేది కదా, వదల్లేదంటే తెలియదన్నమాట. దొంగకి దొరికే ధైర్యం ఇలాంటి లెక్కల్లోంచే దొరుకుతుంది.

ఆ వేళ టూరిస్టులు ముగ్గురు. ఒక బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు. మధ్యాహ్నం రెండున్నరకి పైకి చేరారు. ఆఫీసరు అంచు దాకా వెళ్ళి, ఒకసారి తొంగిచూసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నీళ్ళు తాగాడు.

"బావా, ఆ పాలసీలో నామినీ అక్కేగా?" అన్నాడు బావమరిది.

"నోర్ముయ్యరా."

"మీరు దిగేటప్పుడు ఆ వాచీ ఇలా ఇచ్చి దిగండి. ముందు జాగ్రత్త."

"ముందు వాణ్ణి దించవయ్యా" అన్నాడు ఆఫీసరు చిన్నోడితో. "వాడు అక్కడ ఉంటే పడినా మెత్తగా ఉంటుంది."

వాళ్ళావిడ మాత్రం చీర మీద వేసుకున్న ప్యాంటు సర్దుకుని, అందరికన్నా ముందు దిగిపోయింది. ఇలాంటి చోట ఆడవాళ్ళు ఎప్పుడూ అంతే. తర్వాత తమ్ముడు. ఆఖర్న ఆఫీసరు, కళ్ళు మూసుకుని, దారి పొడవునా పెళ్ళాన్ని తిట్టుకుంటూ. కాళ్ళు నేలకి తగిలాక కింద నుంచి నవ్వులు, "మోకాలు చూడండి, మోకాలు" అన్న మాటలు, వదిన గొంతు... ఆ తర్వాత పొగమంచు వచ్చింది.

కొండల్లో పొగమంచు కిందనుంచి ఎక్కుతుంది. ముందు వాగు పోయింది. తర్వాత చెట్ల తలలు పోయాయి. తర్వాత చిన్నోడు నిలబడ్డ బండ తప్ప లోకమే పోయింది. పాల గిన్నెలో పడ్డ చీమలా ఉంది అతని పని. చప్పుళ్ళు కూడా తడిసి బరువెక్కాయి. ఎక్కడో ఒక నీటిబొట్టు రాయి మీద పడుతోంది. టప్... చాలాసేపటికి మళ్ళీ, టప్.

గడియారం చూసుకున్నాడు. మూడుంపావు. పోయినేడు కూడా సుమారు ఇదే వేళ. వద్దనుకున్నా గుర్తొచ్చింది.

ఆ రోజు పైన అన్న, కింద తను. టూరిస్టులని ముందే, బండకి దూరంగా వేసిన టీ గుడారానికి పంపేశాడు. ముసలాయన వీలునామాలో లాడ్జి పెద్దోడికి రాశాడు. పెద్దోడి తర్వాత పిల్లలుంటే పిల్లలకి, లేకపోతే చిన్నోడికి, ఇద్దరూ లేకపోతే ఇంట్లో మిగిలిన కోడలికి. పెద్దోడికి పిల్లల్లేరు. కానీ వదిన అక్క కూతురు, తండ్రి లేని పిల్ల, తొమ్మిదేళ్ళది, దాన్ని దత్తత తీసుకోవడానికి కాగితాలు సిద్ధమయ్యాయి. సోమవారం సంతకాలు. అది శుక్రవారం.

"ఉన్నావా, చిన్నా?" అని అరిచాడు అన్న పైనుంచి. "ఉన్నా" అన్నాడు చిన్నోడు. తాడుని రెండుసార్లు లాగాడు. పైన బూట్లు అంచు వదిలిన చప్పుడు విన్నాడు. తర్వాత గుంజ మీది రెండు చుట్లూ విప్పేశాడు. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. పోలీసులు వచ్చేలోపు అన్న నడుం ముడి కూడా విప్పాడు. దానికే అరగంట పట్టింది.

"వదినా" అని కేకేశాడు ఇప్పుడు. "ఉన్నారా?"



టప్.

"వదినా... ఉన్నారా?"

అప్పుడు వాసన వచ్చింది. తేనెమైనం. కింద వదిన చేతుల నుంచి వస్తోందనుకున్నాడు. డెబ్భై అడుగుల కింది నుంచి, గాలి లేని రోజున, వాసన ఎలా వస్తుందని అనుకోలేదు. ఆ ఆలోచన రావడానికి ఇంకో నిమిషం పట్టింది. వాసన కింది నుంచి రావడం లేదు. వెనక నుంచి వస్తోంది. బాట వైపు నుంచి.

గులకరాళ్ళు కదిలాయి. మేకుల బూట్ల నడక. ఎడమ మడమ లాడం ఊడి వేలాడుతున్నట్టు, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు టిక్కుమంటూ. ఆ లాడం కొట్టించుకోమని వదిన పోరి పోరి విసిగిపోయింది. కొట్టించుకోకుండానే పోయాడు ఆయన.

టక్... టిక్. టక్... టిక్.

ఆగింది.

"ఉన్నావా, చిన్నా?"

గట్టిగా కాదు. పక్క మంచం మీంచి అడిగినట్టు.

చిన్నోడు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం కనపడుతుందో అని కాదు, ఏమీ కనపడకపోతే ఇంకా భయం. బాట మీదుగా వెనక్కి పోదామంటే ఆ గొంతులోంచి నడిచి వెళ్ళాలి. మిగిలింది తాడొక్కటే.

"వదినా!" అని అరిచాడు. "వదినా, పట్టుకోండి... ఉన్నారా?"

"ఉన్నా."

ఆడగొంతే. వదిన గొంతే. తాడు రెండుసార్లు బిగిసింది. ఒకటి... రెండు.

టక్, టిక్. వీపు దగ్గర.

అంచు వదిలేశాడు.

బరువు తాడు మీద పడింది. తాడు ఆపింది. ఊపిరి వచ్చింది అతనికి. కొంచెం కొంచెంగా, ఒద్దికగా, తాడు వదులవుతోంది. పది అడుగులు. ఇరవై. బండ పొట్ట దాటి కాళ్ళు గాల్లోకి వచ్చాయి. చుట్టూ తెల్లదనం తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. వదిన ఎప్పుడూ ఒట్టి "ఉన్నా" అనదు. "ఉన్నా, దిగు" అంటుంది. నలభైసార్లూ అలాగే అంది.

తాడు ఆగింది.

నేలకి ఇంకా నలభై అడుగులు. అతను గాల్లో మెల్లగా తిరుగుతున్నాడు. తాడు కిర్రుమంటోంది. కింద నుంచి తేనెమైనం వాసన పైకి ఎగదన్నింది.

"ఉన్నావా, చిన్నా?" అంది కింద నుంచి, ఈసారి అన్న గొంతు.

అతను తాడుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఉన్నావా?"

"ఉన్నా... ఉన్నా అన్నయ్యా..." గుసగుసే వచ్చింది. "వదలకు. నీ కాళ్ళు పట్టుకుంటా... గట్టిగా పట్టుకో..."

టప్ అని ఒక బొట్టు.

"నేను లేను కదరా" అంది ఆ గొంతు, మెత్తగా.

తాడు వదులైంది.

గుడారంలో బావమరిది గ్లాసు చేత్తో పట్టుకుని, బావ మోకాలికి కట్టిన కట్టు మీద ఏదో జోకు వేస్తున్నాడు. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతుంటే వదినే ఆ ముగ్గురినీ బండ దగ్గర నుంచి రెండొందల అడుగుల దూరంలోని గుడారానికి తీసుకొచ్చి కట్టు కట్టింది. తను జవాబివ్వకుండా మరిది కాలు కదపడు కదా అనుకున్నానని తర్వాత చెప్పింది. అరుపు వినపడినప్పుడు ఆవిడ టీ పోస్తోంది. గ్లాసు నిండేదాకా పోసి, ఫ్లాస్కు మూత బిగించి, "దిగాడు" అంది.

విచారణలో ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఆవిడ తమ కళ్ళముందు నుంచి కదల్లేదు. బ్యాంకు ఆఫీసరు మాట మీద ఎవరికి అనుమానం? చిన్నోడి నడుం ముడి చెక్కుచెదరలేదు. గుంజ మీద తాడు రెండు చుట్లూ, వేసినవి వేసినట్టే ఉన్నాయి. మనిషి అంత ఎత్తు నుంచి పడితే ఆ చుట్లు ఎలా నిలిచాయో ఇన్‌స్పెక్టరు మూడుసార్లు తిరిగి చూసి, కాగితం మీద ఏదో రాసి, కొట్టేశాడు. మిగిలిన తాడు పక్కనే చక్కగా చుట్టి ఉంది. ఎడమవైపుకి చుట్టారు. ఆ కొండ మీద తాడు ఎడమవైపుకి చుట్టే ఎడమచేతి వాటం మనిషి, ఏడాది క్రితం దాకా, ఒక్కడే ఉండేవాడు.

ముసలాయన వీలునామా ప్రకారం లాడ్జి, ఎనిమిది గదులూ, బండ మీద హక్కూ కోడలికి వచ్చాయి. సోమవారం రావలసిన సంతకాలు ఏడాది ఆలస్యంగా వచ్చాయి. అక్క కూతురు దత్తతకొచ్చి, కాలక్రమాన తాళ్ళూ, కొక్కేలూ, వాతావరణం పుస్తకమూ ఆ పిల్లకి చేరాయి. కాలు బెణికిన పనివాడికి చిన్నోడి గడియారం ఇచ్చారు. అది మూడూ ఇరవై దగ్గర ఆగిపోయి ఉంటే బాగు చేయించుకున్నాడు. ముసలాయన తమ్ముడొకాయన, పెద్దోడి ముడి జారడం కళ్ళారా చూశానని అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషి, గదులు కొలుచుకోవడానికి టేపు జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయనకి ఒక పూట భోజనం దొరికింది. చిన్నోడికి ఏమీ మిగల్లేదు. ఏడాది పాటు యజమాని అనిపించుకున్నాడు, అంతే.

తోలు తొడుగులు ఎవరి వాటాకీ రాలేదు. ఆ సాయంత్రం వదిన తాళం తీసి వంటగదిలోకి వెళ్ళేసరికి మేకునే వేలాడుతున్నాయి, పొద్దున పెట్టినట్టే. అరచేతుల దగ్గర మాత్రం తోలు కొత్తగా కమిలి ఉంది, తాడు రాపిడికి. ఎడమది తడిగా ఉంది. కుడిది ఇంకా వెచ్చగా ఉంది.