పేరు తెలియని వాళ్లకు ఏడు రొట్టెలు

చైనా సరిహద్దు దగ్గర, కజక్ గడ్డి మైదానాల నడుమ కొత్తగా లేచిన ప్రత్యేక ఆర్థిక మండలిలో బాల్జన్ వంటమనిషి. ఆమె మొగుడు సగిండిక్ అక్కడే బుల్డోజర్ నడిపేవాడు. వచ్చే విదేశీ కంపెనీకి పన్నులుండవు, సుంకాలుండవు. నేల మాత్రం చదునుగా ఉండాలి. సగిండిక్ చదును చేశాడు. పేర్లు చెరిగిపోయిన పదకొండు సమాధులతో సహా.

ఆనాటి నుంచి రోజుకొక వేలిగుర్తు అతని మెడ మీద కమిలి కనిపించసాగింది. నేటికి తొమ్మిది. పదోది పడితే రెండు చేతులూ పూర్తవుతాయి. ఆ తర్వాత ఏమవుతుందో వాళ్లిద్దరికీ తెలుసు.

గురువారం నూనెలో ఏడు రొట్టెలు వేయిస్తే ఆ వాసనకే పోయినవాళ్ల కడుపు నిండుతుందంటారు. కాకపోతే ఎవరికోసమో పేరు పెట్టి చెప్పాలి. కిటుకంతా అక్కడే ఉంది. ఆ గురువారం మధ్యాహ్నం బాల్జన్ గ్యాసు పొయ్యీ మూకుడూ పట్టుకుని, ఆ సమాధుల మీద వారంలోనే లేపిన కిటికీల్లేని షెడ్డులోకి నడిచింది.

"రేపు కంపెనీవాళ్లు వస్తున్నారే! నూనె కంపు కొడితే నా ఉద్యోగం ఊడుతుంది," వెనకే వస్తూ సణిగాడు సగిండిక్.

"మెడ మిగిలితే కదయ్యా, ఉద్యోగం! తలుపు ముయ్యి, వాసన గాలికి పోతుంది."

తలుపు పడింది. కరెంటింకా రాలేదు. పొయ్యి నీలిమంట తప్ప అంతా చీకటి. సిమెంటు వాసన. నూనె చిటపటలు. ఏడో రొట్టె పొంగింది.

"ఎవరి పేరు చెబుతావే?" గుసగుసగా అడిగాడు.

"తెలిస్తేగా... ఆకలిగా ఉన్నవాళ్లు ఎవరైనా సరే... రండి, తినండి."

అలా పిలవకూడదు. పెద్దవాళ్లు ఆమెకు చెప్పకపోలేదు, గాభరాలో మరిచింది.

చిటపటలు ఆగాయి. నేల కింద... గోకుడు. ఒక్క చోట కాదు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా. పదకొండు మంది కాదు... వందలు.

గట్టి నేల బురదలా దిగిపోయింది. సగిండిక్ మోకాళ్లదాకా కూరుకుపోయాడు. ఎముక విరిగింది. అరిచాడు. ఇంకో ఎముక. నెత్తురు ఎగిరి మూకుడులో పడి సుయ్యిమంది. బాల్జన్ అతని చంకల కింద చేతులు వేసి లాగింది. కింద నుంచీ లాగారు... నమిలారు... ఆమె ఒక చేయి వదిలి, కాగే నూనె ఆ గుంటలో కుమ్మరించింది.

పట్టు సడలింది.

సగిండిక్ బతికాడు, కుడికాలు లేకుండా. ఆసుపత్రి డాక్టరమ్మ మర్నాడు బాల్జన్‌ను పక్కకు పిలిచింది. "ఏ యంత్రంలో పడ్డాడమ్మా?" అని అడిగి, జవాబుకు ఆగకుండానే అరచేయి తెరిచింది. "ఇప్పుడే తీశాను. మిగిలిన ఎముకలో దిగి ఉంది."

చిన్న పాలపన్ను. దాని మొదట్లో అంటిన చిగుళ్ల నెత్తురు ఇంకా వెచ్చగానే ఉంది.