పాఠంలో లేని ‘ఏమప్పా’

ఆ రోజు కూడా బంద్. తార్నాక రోడ్డు మీద బస్సుల అలికిడి లేదు, లాలాగూడ వైపు నుంచి రైలు కూత లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఊరంతా గొంతు తగ్గించుకున్నట్టుంది. చెన్నమ్మ వంటింట్లో బొరుగుల ఉగ్గాని తిరగమోతకు మాత్రం ఏ బంద్ లేదు.

“అమ్మా, రా తొందరగా. నాయన పాఠం పెడుతున్నా,” అంటూ దివ్య భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

దివ్య యూనివర్సిటీ ఈ-లెర్నింగ్ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగి. తరగతులు జరగడం లేదు కాబట్టి అధ్యాపకులందరూ వీడియో పాఠాలు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టే పని దివ్యది. ఒకరు గొంతు బాగాలేదంటారు. ఒకరు అమావాస్య వెళ్లనీ అంటారు. “పాఠాలన్నీ పెట్టెలోకి ఎక్కాక మాతో ఏం పనమ్మా మీకు,” అని ఇంకొకరు నవ్వుతూనే పొడుస్తారు.

అందరినీ మించిన మొండిఘటం ఇంట్లోనే ఉన్నాడు. జియాలజీ ప్రొఫెసర్ ఓబులేసు. “రాయి చేతిలో పెట్టకుండా పాఠమేంది అమ్మీ?” అని భీష్మించుకున్నాడు. కూతురి ఉద్యోగానికి మాట రాకూడదని చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక గ్రానైటు ముక్క పట్టుకుని వచ్చాడు. ఆ పాఠం పోయిన వారమే పెన్‌డ్రైవ్‌లలో హాస్టళ్లకు చేరింది. ఆయన చూడటం మాత్రం ఇదే మొదలు.

తెర మీద ఓబులేసు గడగడా చెప్పుకుపోతున్నాడు. ఎక్కడా తడబాటు లేదు, ఆగడం లేదు. చూస్తున్న ఓబులేసు చేయి కంచంలో నిలిచిపోయింది.

“గొంతు మీదే గానీ, మనిషి ఎవురో మాదిరి ఉండాడే,” అంది చెన్నమ్మ.

“నా ‘ఏమప్పా’ యాడికి పోయింది అమ్మీ?” అన్నాడు ఓబులేసు.

“తీసేశాను నాయనా,” అంది దివ్య. “ పాఠం సాఫీగా ఉంటుందని.”

“సాఫీగానా?”

“క్యాంటీన్‌లో పిల్లలు ‘ఏమప్పా, చాయ్ తాగుదామప్పా’ అని నీలాగే అంటూ పగలబడి నవ్వుతుంటే నా చెవులతో విన్నా. అసలే రోజులు బాగాలేవు. మన సీమ యాస వినబడితే ఎవరేమంటారోనని భయపడ్డా.”

ఓబులేసు అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది దివ్యకు.

“ముప్పై ఏండ్లుగా ఈడ చెప్తాండా. బయట ఎంత గొడవ జరిగినా, నా క్లాసులో ఒక్క పిల్లోడు నన్ను పరాయోడివి అనలేదు. ఆ మాట నువ్వంటివి. నోటితో గాదు, కత్తెరతో.” రాయి తీసుకుని లేచాడు. “ఇంకా సర్వీసుంటే మాత్రమేమి, వాలంటరీ రిటైర్మెంటుకు రాసిస్తా. ఆ పెట్టెలో ఉండేటోనితోనే చెప్పించుకోండి.”

గది తలుపు మూసుకుంది. ఉగ్గాని అలాగే చల్లారిపోయింది.

“నా మొగం జూడగాకు,” అంది చెన్నమ్మ కంచం తీస్తూ. “పెండ్లయిన కొత్తలో ఈ ఊర్లో నా మాటకు నవ్వుతాండారని నోరు మూసుకుంటే, ‘నీ మాట నువ్వు మాట్లాడు, వినేటోళ్లే అలవాటు పడతారు’ అన్న్యాడు మీ నాయన. అట్లాటి మనిషినే దిద్దబోతివి.”

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నల్ల రిబ్బను కట్టుకున్న నలుగురు విద్యార్థులు. ముందున్న సమ్మయ్యను దివ్య ఊరేగింపుల్లో చూసింది. సగం తెరిచిన తలుపును పట్టుకునే నిలబడింది.

“సార్‌కు తబియత్ మంచిగున్నదా మేడం?” అన్నాడు అతను చెప్పులు విడుస్తూ.

“బాగానే ఉన్నారు. ఏం?”

“వీడియో జూసినం. సార్ ఒక్కపారి గూడ ‘ఏమప్పా’ అనలే. పానం బాగలేదేమో అన్నరు మావోళ్లు. నేనైతే మా మీద అలిగిండనుకున్న.”

“క్యాంటీన్‌లో ఆ మాటకు మీరే కదా నవ్వుతారు?”

సమ్మయ్య తెల్లబోయాడు. “నవ్వుతం మేడం. మేమంతా గట్లనే పిలుచుకుంటం. మాకది సార్ పెట్టిన పేరు. అయినా క్లాస్‌ల సార్ ‘ఏమప్పా’ అన్నడంటే రాసుడు బంద్ జేసి రాయి జూడాలె. గది మాకు ఇషారా. వీడియోల ఆగుడే లేకపాయె, ఏడ జూడాలె, ఏడ రాయాలె?”

దివ్య యాసను తీశాననుకుంది. పాఠంలో ప్రాణమే తీసేసింది. మూసిన తలుపు దగ్గరికి నడిచింది.

“నాయనా, తప్పు నాది. నవ్వు విన్నా, అందులో ప్రేమ వినలేదు.” తలుపు తట్టింది. “మళ్లీ చెప్పవా? ఒక్క మాట కూడా కొయ్యను.”

తలుపు తెరుచుకోవడానికి కాసేపు పట్టింది. ఓబులేసు కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో రాయి ఉంది.

“కెమెరాకు అర్థమయిందో లేదో నాకెట్లా తెలుస్తాది? ముందర మనుషులుండల్ల.”

“మేం లేమా సార్?” అన్నాడు సమ్మయ్య.

“క్లాసులు బంద్ అంటిరి గదప్పా?”

“క్లాసులు బంద్ సార్. మీ ఇంట్ల కూసునుడు బంద్ గాదు.”

చెన్నమ్మ నవ్వి, మరిన్ని బొరుగులు నానేయడానికి వంటింట్లోకి వెళ్లింది. పిల్లలు హాలులో చాప మీద కూర్చున్నారు. దివ్య కెమెరా నిలబెట్టింది. రాయి ఒక చేతి నుంచి మరో చేతికి మారుతోంది. ఓబులేసు ఆగుతున్నాడు, తడుముకుంటున్నాడు, వెలిగిపోతున్నాడు.

“ఈ మెరిసేది అబ్రకం. భూమి లోపల ఎంతో వేడి మీదుండేది, నిదానంగా చల్లారితేనే ఇట్లా పెద్ద పలుకులు కడతాది. ఏమప్పా, తెలిసిందా?” ఆయన చూపు పిల్లల మీదుగా కెమెరా వెనక్కి వచ్చి ఆగింది. “ఏమమ్మీ?”

“తెలిసింది నాయనా,” అంది దివ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఆ మాట కూడా రికార్డయింది. దివ్య దాన్ని కొయ్యలేదు.