సగటు తల్లి

పూర్వం ముహూర్తం చూసుకోనిదే కొత్త ఇంట్లో కాలు పెట్టేవారు కాదట. ఎగువపట్నంలో ముందునీడ చూసుకోనిదే కాలు పెట్టరు.

సముద్రం కోస్తా ఊళ్ళని ఒక్కొక్కటే మింగుతూ రావడంతో జనం ఎగువకి జరిగారు. నల్లమల అంచున, ఒకప్పుడు మేకలు మేసిన రాతినేల మీద ఈ కొత్త పట్నం లేచింది. అందులో ఐదు వాడలున్నాయి, వాడకో బడి ఉంది. ఏ వాడలో ఇల్లు తీసుకుంటే పిల్లలు ఆ వాడ బడిలోనే చదవాలి. ఒక బడిలో అంతా లెక్కలు, యంత్రాలు. ఇంకోదానిలో పిల్లలు సగం రోజు పొలంలోనే ఉంటారు. మరోదానిలో పాట, ఆట. పిల్ల ఒక్కతే అయితే ఎంచుకోవడం తేలిక. లహరికి ముగ్గురు.

ముందునీడ కేంద్రం ముందుగదిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఆమె లోపలికీ బయటికీ తిరగడం ఇది నాలుగో రోజు. పద్నాలుగేళ్ళ హన్విక గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆరేళ్ళ బుజ్జి కుర్చీల కింద పాకుతోంది. పదకొండేళ్ళ సాకేత్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎక్కడ కూర్చోబెట్టిందో అక్కడే ఉన్నాడు.

వాడి గురించే ఆమె దిగులంతా. వాడు ఏడాదిగా సరిగా మాట్లాడడం లేదు. అడిగితే "ఊఁ" అంటాడు, గట్టిగా అడిగితే "సరే" అంటాడు. వరంగల్ బడి వాడికి పడలేదని ఆమె తేల్చుకుంది. అంతకు ముందు సామర్లకోటలో హన్వికకి లెక్కల టీచరు నచ్చలేదు. ఖమ్మంలో ఎండలకి బుజ్జి ఒళ్ళు పేలింది. కాకినాడ ఒక్కటే సముద్రం తీసుకుంది, మిగతావి తనే వదిలింది. వదిలిన ప్రతిసారీ బలమైన కారణమే ఉంది. విత్తనాల జన్యుపటాలు దిద్దే ఉద్యోగం కనక ఏ ఊళ్ళో కూర్చున్నా పని జరుగుతుంది. ఈసారి మాత్రం తప్పు జరగడానికి వీల్లేదు. పొద్దు గుంకేలోపు వాడ పేరు చెప్పకపోతే వంతు దాటిపోతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

"అమ్మా, ఇవాళైనా తేలుతుందా?" కళ్ళు తెరవకుండానే అడిగింది హన్విక. "లేకపోతే ఈ కుర్చీలకే అద్దె కట్టేద్దాం. ఫ్యాను కూడా ఉంది."

"నీ వెటకారం ఆపవే. మీకోసమే కదా ఈ తిరుగుడంతా."

లహరి లోపలికి వెళ్ళిపోయింది.

మనిషి మెదడులోని నరాల అల్లికని న్యూరల్ మ్యాప్‌గా తీసి, కంప్యూటర్‌లో దానికి కదలిక ఇస్తే నీడ తయారవుతుంది. అది ఆ మనిషిలాగే ఆలోచిస్తుంది, అలుగుతుంది, అబద్ధమాడుతుంది. వాడలకీ అలాగే నీడలున్నాయి. వీధులూ, బడులూ, ఇరుగుపొరుగూ, వానాకాలపు బురదా అన్నీ అందులో ఉంటాయి. పిల్లల నీడల్ని ఆ వాడ నీడలో దింపి కాలాన్ని వేగంగా తిప్పితే గంటలో పదేళ్ళు గడుస్తాయి. దీన్ని నడక అంటారు. నడక చివర పెరిగి పెద్దయిన పిల్లల నీడలతో తల్లిదండ్రులు కాసేపు మాట్లాడవచ్చు. సాయంత్రానికి నీడలన్నిటినీ చెరిపేయాలని చట్టం.

లహరి ఐదు వాడల్లోనూ నడిపించి చూసింది. పొద్దువాడలో హన్విక వంతెనలు కట్టే ఇంజనీరయింది, బుజ్జి మాత్రం రోజూ ఏడుస్తూ బడికి వెళ్ళింది. గాలివాడలో బుజ్జి పాట నేర్చి ఊరంతా తిరిగింది, సాకేత్ మూలన కూర్చున్నాడు. వాగువాడ నడక చివర, మీసకట్టు వచ్చిన సాకేత్ నీడ తెర మీదికి వచ్చి ఎండ్రకాయలు పట్టిన సంగతీ, స్నేహితుడి సైకిల్ వాగులో పోయిన సంగతీ చెబుతూనే ఉన్నాడు. "ఆగరా, ఊపిరి తీసుకో" అంటూ లహరి నవ్వింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అయితే ఆ వాగువాడలోనే హన్విక పదో తరగతితో చదువు ఆపేస్తానని మొండికేసింది, మంచుకి బుజ్జి దగ్గు తగ్గనే లేదు.

ఆ హన్విక గొడవ చూస్తున్నప్పుడే లహరికి ఒళ్ళు మండింది.

"డాక్టరుగారూ, ఆవిడెవరండీ?"

కేంద్రాన్ని నడిపే శాస్త్రవేత్త ఓబులేసు తెర దగ్గరికి వచ్చాడు. నంద్యాలవైపు మనిషి, యాభై దాటినవాడు. ముందునీడ లెక్కల్లో సగం ఆయన రాసినవే. "యావిడ మేడం?"

"అదుగో, వంటింట్లో. కూతురు బడి మానేస్తానని అరుస్తుంటే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది! లేచి ఒక్క మాట అడగదేంటండీ?"

"ఆమె సగటు తల్లి. దేశంలో తల్లులందర్నీ కలిపి సగటు తీస్తే వొచ్చిన నీడ. ఆ పక్కన పేపరు చదివేది సగటు తండ్రి."

"నా పిల్లల్ని ఎవరో సగటు మనిషి చేతిలో పెట్టి, ఫలితం ఇదీ అంటే ఎలాగండీ?"

ఓబులేసు నవ్వాడు. "మొదటి రోజే అడిగినా కదా మేడం, మీ మ్యాపు కూడా తీసుకుందామా అని. 'మా సంగతెందుకు, పిల్లల్ని చూడండి' అన్న్యారు. అందరూ అదే మాటంటారు. పిల్లల తలకాయలు తెచ్చిస్తారు గానీ, వాళ్ళ తల మాత్రం ఎవురూ ఇయ్యరు."

లహరి గభాలున లేచింది. తను పక్కన ఉంటే హన్విక చదువు ఆపేదా? బుజ్జి దగ్గుకి తను ఎన్ని కషాయాలు కాచి ఉండేది! లోపం ఎక్కడుందో ఇన్ని రోజులకి దొరికింది. కాకినాడ మునిగాక కడుతున్న సముద్రపు గోడ పనిలో ఉన్న భర్తకి అక్కడికక్కడే ఫోన్ చేసింది.

"కౌశిక్, నీ మ్యాప్ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని చెప్పు. ఆఫీసులో తీసింది ఉంది కదా."

"తీస్కో. నా నీడైనా నీ పక్కనుంటుంది," అన్నాడు. అతని వెనక అలల హోరు వినిపించింది. "ఇంతకీ లహరీ, వాణ్ణి అడిగావా?"

"ఎవర్ని?"

"సాకేత్‌ని. ఎక్కడుంటావురా అని."

"పదకొండేళ్ళ వాడికేం తెలుస్తుంది? పిల్లల్ని అడిగి ఇల్లు తీసుకున్నవాళ్ళని ఎక్కడైనా చూశావా? సరే, మళ్ళీ చేస్తా."

ఆమె తల మీద సన్నటి వల లాంటి టోపీ పెట్టారు. కాసేపటికే లహరి నీడ తయారైంది. ఐదు వాడల్లోనూ ఒకేసారి నడక మొదలైంది.

మొదట అంతా జోరుగా సాగింది. తెర మీద తన నీడ పొద్దున్నే లేచి బుజ్జికి జడ వేయడం, హన్విక పక్కన కూర్చుని లెక్కలు చూడడం కనిపించాయి. లహరి ఓబులేసు వైపు గర్వంగా చూసింది. ఆ తర్వాత నడక మందగించింది. గంట దాటింది. కిటికీలోంచి వచ్చే ఎండ నేల మీద పాకి గోడ ఎక్కింది. తెర మీద ఏళ్ళు ముందుకి కదలడం లేదు.

"ఏమైందండీ? ఆగిపోయిందా? పొద్దు గుంకుతోంది!"

ఓబులేసు పక్క తెరలో అంకెలు చూసి భృకుటి ముడిచాడు. "ఆగిపోలా మేడం. లోపల పని జరుగుతానే ఉంది. మామూలుగా ఇంత బరువు పడదు. ఐదు వాడల్లోనూ ఇట్లనే ఉందే!"

"ముందునీడా," లహరి యంత్రాన్నే అడిగింది. "లోపల ఏం జరుగుతోంది?"

"మూడో ఏడు జరుగుతోంది," యంత్రం గొంతు నెమ్మదిగా పలికింది. "కావాలంటే నడక మధ్యలోనే మాట్లాడవచ్చు. ఎవరిని పిలవమంటారు?"

"సాకేత్‌ని. వాగువాడలో సాకేత్‌ని పిలువు."

తెర మీదికి వచ్చినవాడు పొడుగయ్యాడు, గొంతు మారింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"బాగున్నావా నాన్నా?"

"ఊఁ."

"బడి ఎలా ఉంది? ఎండ్రకాయలు పట్టారా? వాగు దగ్గర ఆ స్నేహితులు..."

"ఏ స్నేహితులు?"

"అదేరా, సైకిల్ అబ్బాయి."

"పేరు తెలీదమ్మా." వాడి మాటలో కోపం లేదు. "పేర్లు అడగడం మానేశాను. ఎలాగూ వెళ్ళిపోతాం కదా."

లహరి తెరకి దగ్గరగా జరిగింది. "ఎక్కడికి వెళ్ళిపోతారు? మీరు వాగువాడలోనే కదా ఉన్నారు?"

"అక్కడ రెండేళ్ళే ఉన్నాం. అక్కకి కాలేజీ బాలేదన్నావు. సామాను ఇంకా విప్పనే లేదు, మళ్ళీ లారీ వచ్చింది. పాలు పొంగిద్దామని నాన్న అంటే, అసలు ఇంటికి వెళ్ళాక పొంగిద్దాం అన్నావు."

"మరి ఇప్పుడు ఎక్కడున్నారు?"

సాకేత్ నీడ చుట్టూ ఒకసారి చూసింది. అప్పుడు లహరి కూడా చూసింది. వాడి వెనక గోడకి ఆనుకుని ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని ఉంది. కుర్చీల వరస ఉంది.

"ముందునీడ కేంద్రంలో," అన్నాడు వాడు. "నువ్వు లోపలున్నావు. మేం బయట కూర్చున్నాం."

లహరి చేయి చాచి తెర ఆపేసింది. ఓబులేసు మిగతా నాలుగు వాడలూ ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. పొద్దువాడలో ఇల్లు తాళం వేసి ఉంది. గాలివాడలో సామాను లారీలోకి ఎక్కుతోంది. మిగిలిన రెండిట్లోనూ అంతే. ప్రతిచోటా లహరి నీడ ఇలాంటి గదిలోనే, ఇలాంటి కుర్చీలోనే ముందుకి వంగి కూర్చుని ఉంది.

"బరువు అందుకే మేడం," అన్నాడాయన తప్పు తనదైనట్టు మెల్లగా. "లోపలున్న మీరు కూడా మీ తల ఇచ్చినారు. ఆ లోపల ఇంకో మీరు... యంత్రంలో యంత్రం తిరుగుతాంది. ఇరవై ఏండ్లలో ఇట్లాంటిది నేను చూడలా."

"అంటే ఆ చిక్కుడుకాయలావిడే నాకంటే నయమా?"

"నయమని కాదు మేడం. ఒకసారి దించిన పెట్టె మళ్ళా ఎత్తే ఓపిక సగటు తల్లికి లేదు. అంతే."

లహరి యంత్రం వైపు తిరిగింది. "నేను కదలకుండా ఉండేట్టు నడిపించు. ఒక్క నడక చాలు. నా నీడకి చెప్పు, ఇల్లు మారొద్దని గట్టిగా చెప్పు."

"విడిగా ఇంకో నడకలో ఇందాకే చెప్పి చూశాను," అంది యంత్రం. "ఆమె వెంటనే ఒప్పుకుంది. ఒట్టు కూడా వేసింది. రెండేళ్ళకి, ఊరికే ఒకసారి చూసొద్దాం అంటూ మళ్ళీ బయల్దేరింది."

"అయితే కాళ్ళు కట్టెయ్."

"కట్టేస్తే అది మీ నీడ కాదు. సగటు తల్లి అవుతుంది."

కిటికీలో ఎండ ఎర్రబడింది. బయట ఎవరో వాడ ఇంకా చెప్పనివాళ్ళ పేర్లు చివరిసారి చదువుతున్నారు. లహరి రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి నిలబడింది. ఇన్నాళ్ళూ ఊళ్ళ మీదికి తోసిన తప్పంతా ఇప్పుడు మోయలేనంత బరువై భుజాల మీదికి వచ్చింది. ఆ బరువు మోస్తూ కూడా ఆమె మనసు పొద్దువాడకీ వాగువాడకీ మధ్య ఊగుతూనే ఉంది. ఇంకొక్క క్షణం ఆలోచిస్తే మళ్ళీ ఐదూ చూడాలనిపిస్తుందని ఆమెకి తెలిసిపోయింది.

"వాగువాడ," అంది. "రాసెయ్యండి."

"చిన్నపాపకి దగ్గు..."

"దగ్గుకి మందుందండీ. రాసెయ్యండి."

బయటికి వచ్చేసరికి పిల్లలు ముగ్గురూ ఆమె ఇందాక తెరలో చూసిన తీరుగానే కూర్చుని ఉన్నారు. ఆమె గుమ్మంలోనే ఆగింది.

"వాగువాడ తీసుకున్నాను."

"ఎన్నాళ్ళకి?" అంది హన్విక.

వేరే రోజైతే "ఎప్పటికీ" అనేది. కాకినాడ దాటాక ప్రతి ఊళ్ళోనూ అన్నది ఆ మాటే. లహరి నేల మీదే, బుజ్జి పక్కన చతికిలబడింది.

"తెలీదే. లోపల చూస్తే ఏ వాడలోనూ మీరు నిలవలేదు. ప్రతిచోటా నేనే మిమ్మల్ని లేవదీశాను. మారొద్దని ఒట్టేసి మరీ మారాను."

హన్విక కళ్ళు తెరిచింది. తల్లి నోట ఇలాంటి మాట విన్నట్టు ఆ పిల్లకి గుర్తు లేదు.

"అయితే నిన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తాం," అంది బుజ్జి.

తల్లీ కూతుళ్ళు నవ్వారు. సాకేత్ నవ్వలేదు. మోకాళ్ళ మీది చేతులు తీసి, తల్లి మొహంలోకి సూటిగా చూశాడు.

"ఈసారి పోవాలనిపిస్తే నువ్వు పో అమ్మా. వెళ్ళి ఆ ఊరు చూసి రా. మేం ముగ్గురం రాము. నాన్నని ఇక్కడికి పిలిపించుకుంటాం. నువ్వు తిరిగొచ్చేదాకా అన్నం అక్క వండుతుంది, బుజ్జిని బడికి నేను తీసుకెళ్తా."

ఏడాదిగా వాడి నోట అన్ని మాటలు ఒకేసారి రాలేదు. దేనికోసం ఆమె ఊళ్ళు పట్టుకు తిరిగిందో అది జరిగింది, తనకి ఎదురు చెప్పడానికి జరిగింది. లహరి వాడి చేయి పట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ తడి కళ్ళతోనే ఆమెకి ఒక ఆలోచన తట్టింది. వాడి ఈ మాట ఏ నడకలోనూ రాలేదు. దీన్ని చేర్చి నడిపిస్తే లెక్క మారుతుందేమో. పొద్దువాడ కూడా కుదురుతుందేమో. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఓబులేసుగారు లోపలే ఉన్నారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి...

ఆమె చూపు తలుపు మీదికి వెళ్ళడం సాకేత్ చూశాడు. చేయి విడిపించుకుని లేచాడు. నాలుగడుగులు వేసి ఆ తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.