ఎవరూ తొక్కని ముద్ర

పక్కింటావిడ వీధంతా చెప్పుకు తిరుగుతున్న మాటను, పొద్దున టిఫిన్ పెడుతూ ఏజెంట్ 'పిల్లి' చెవిన వేసింది అతని భార్య.

"సొంత మేనత్త పొట్ట కొట్టాడట. ఏ మొహం పెట్టుకుని తింటున్నాడో అంటోంది."

పిల్లి ప్లేటు పక్కకు నెట్టాడు. మేనత్త అతను పనిచేసే గూఢచారి సంస్థ హెడ్‌క్వార్టర్స్‌లో నేల తుడిచేది. అక్కడ హాలు మధ్య, నేలలో పొదిగిన ఇత్తడి ప్రభుత్వ ముద్ర ఉంది. డైరెక్టరైనా డ్రైవరైనా దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోవాల్సిందే. తుడిచేవాళ్ళు కూడా అంచున మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపి తుడవాలి. వారం కింద ఆవిడ ముద్ర నడిమధ్యన నిలబడి మడమతో తడుతూ పిల్లి కంటబడింది.

"ఇక్కడ డొల్లగా మోగుతోందిరా," అంది.

చుట్టూ పదిమంది చూస్తున్నారు. అత్త కదా అని వదిలేశాడంటారేమోనని పిల్లి రెండు లైన్ల రిపోర్టు రాసి పడేశాడు. సాయంత్రానికి ఆవిడ ఉద్యోగం ఊడింది.

పదకొండు దాటాక ఫోన్ మోగింది.

"వాన పడుతోందా?"

"గొడుగు లేదు," అని కోడ్ అప్పజెప్పాడు పిల్లి.

"వెంటనే రా. నెమలి కాసేపట్లో లైన్లోకి వస్తుంది," అన్నాడు చీఫ్.

నెమలి శత్రు ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. విందుల్లో ఆమె నవ్విందంటే రాయబారులు చేతిలో గ్లాసు సంగతే మరిచిపోతారు. పిల్లి చీఫ్ గదికి చేరేసరికి స్పీకర్‌లో ఆ గొంతు వణుకుతోంది.

"పన్నెండింటికి మన హెడ్‌క్వార్టర్స్‌లో బాంబు పేలుతుంది. పది రోజుల కింద నేల పాలిష్ పనివాళ్ళ వేషంలో వచ్చి పెట్టిపోయారు. చోటు చెప్పలేదు. మనవాళ్ళెవరూ అక్కడ అడుగు పెట్టరని మాత్రం పడీ పడీ నవ్వారు."

లైన్ తెగింది. టైమ్ పదకొండూ యాభై అయిదు.

"స్ట్రాంగ్ రూమ్!" అన్నాడు చీఫ్.

పిల్లికి మేనత్త మడమ కళ్ళ ముందు కనబడింది. హాల్లోకి దూకాడు. సైరన్ మోగుతోంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తే జనం కూడా ముద్ర దగ్గరికొచ్చేసరికి రెండు పాయలుగా చీలిపోతున్నారు. అంతెందుకు, పిల్లి కూడా అంచున ఆగి, వంగి, బూట్ల లేసులు విప్పసాగాడు. ఒకటి విప్పాక గాని బుద్ధి రాలేదు.

"సార్, ముద్ర సార్! కళ్ళు పోతాయి!" అని గార్డు రెక్క పట్టుకున్నాడు.

"ఒళ్ళే పోతుంటే కళ్ళ గోలేమిటయ్యా!"

విదిలించుకుని ఎక్కాడు. డొల్ల మోత. బెల్టు బకిల్‌లోంచి బ్లేడు లాగి ఇత్తడి పలకను పెకలించాడు. కింద నల్ల పెట్టె, ఎర్ర అంకెలు. పదకొండు సెకన్లు. పది. చెమట చేతులతో వైర్లు వేరు చేశాడు. బ్లేడుతో ఒకదాన్ని తెగ్గోశాడు. అంకె రెండు దగ్గర ఆగింది.

సాయంత్రం చీఫూ పిల్లీ కలిసి మేనత్త ఉంటున్న గదికి వెళ్ళారు. ఆవిడ ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"మీ శిక్ష రద్దు చేశామమ్మా. రేపట్నుంచి పనిలోకి రండి," అని చీఫ్ ఆర్డరు అందించాడు.

"తప్పయిపోయిందత్తా," అన్నాడు పిల్లి, నేల చూస్తూ.

ఆవిడ మడత ఆపి చీఫ్ వైపు తిరిగింది.

"తొక్కానని రాశాడు. తొక్కాను, నిజమే. డొల్లగా మోగుతోందని వీడి మొహం మీదే చెప్పాను కదా, ఆ ముక్క ఎందుకు రాయలేదో అడగండి."